రగ్బీలో ‘ట్రై’ అంటే ప్రయత్నమా, స్కోరా? ఇంగ్లీషులో దాన్ని ఎలా వాడాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. కళాశాలలో జరిగిన రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) మ్యాచ్ గురించి మీరు ఇంగ్లీషులో నివేదిక రాయాలి. రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడిన మ్యాచ్‌లు చూస్తున్నప్పుడు, ఆటగాడు గీత దాటి బంతిని నేలకు ఆనించగానే వ్యాఖ్యాత ‘వాట్ ఎ ట్రై’ అని అరిచాడు. ట్రై అంటే ప్రయత్నం కదా, ప్రయత్నం ఫలించాక కూడా ఆ పేరేమిటని మీ సందేహం. ఆ తర్వాత ‘కన్వర్టెడ్’ అన్నారు, దేన్ని దేనిగా మార్చారో తెలియలేదు. చివరగా, మీరు రాసుకున్న ‘అవర్ టీమ్ ట్రైడ్ త్రీ టైమ్స్ అండ్ కన్వర్టెడ్ టూ’ అనే వాక్యం సరైనదేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. రగ్బీలో ట్రై అంటే ప్రయత్నం కాదు, పూర్తయిన స్కోరు. ప్రత్యర్థి గోల్ లైన్‌కు అవతల ఉండే ఇన్-గోల్ ప్రాంతంలో బంతిని నేలకు ఆనిస్తే వచ్చే అయిదు పాయింట్ల పేరు అది. ఈ అర్థంలో అది ఎప్పుడూ నామవాచకమే, దాన్ని క్రియగా వాడరు. అందుకే మీ వాక్యం చదివినవాళ్లకు ‘మా జట్టు మూడుసార్లు ప్రయత్నించింది’ అని, అంటే మూడుసార్లూ విఫలమైందన్నట్టుగా అర్థమవుతుంది. ‘అవర్ టీమ్ స్కోర్డ్ త్రీ ట్రైస్, టూ ఆఫ్ దెమ్ కన్వర్టెడ్’ అని రాయండి. ట్రైలకు మూడు అయిదులు పదిహేను, ట్రై తర్వాత గోల్‌కు తన్నే తన్నుకు, అంటే కన్వర్షన్‌కు, రెండు రెళ్లు నాలుగు, మొత్తం 19 పాయింట్లు. మీ స్కోరుబోర్డుతో సరిపోలుతుందో లేదో చూసుకోండి.

నేను సైన్యంలో ఉండగా ఈ ఆట నేర్చుకున్నాను. ఇప్పుడు కుర్రాళ్లకు నేర్పిస్తున్నాను, మ్యాచ్‌లకు రిఫరీగా కూడా ఉంటాను. కొత్తగా వచ్చే ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు మీ ప్రశ్నే అడుగుతారు. కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాను.

ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే మిగతా వాడుకలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇంగ్లండ్‌లో రగ్బీ అనే ఊళ్లో ఉన్న పాఠశాలలో 1845లో విద్యార్థులే ఈ ఆట నియమాలను తొలిసారి కాగితం మీద పెట్టారు. ఆ రోజుల్లో గెలుపోటములను తేల్చేది గోల్ మాత్రమే. గోల్ అంటే రెండు స్తంభాల మధ్య, అడ్డకర్ర పైనుంచి బంతి వెళ్లేలా తన్నడం. ప్రత్యర్థులు మీద పడుతుంటే తాపీగా తన్నే వీలు ఎక్కడుంటుంది? అందుకని ఒక ఏర్పాటు ఉండేది. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించిన జట్టుకు, ఆ బంతిని మైదానంలోకి వెనక్కి తెచ్చుకుని గోల్ కోసం ఒకసారి తన్నే హక్కు దక్కేది. దాన్నే ‘ట్రై ఎట్ గోల్’ అనేవారు. గీత దాటినందుకు విడిగా పాయింట్లు ఏమీ లేవు. అది అసలు పనికి అనుమతి మాత్రమే.

అంటే మీ అనుమానంలో న్యాయం ఉంది, ఆ మాటకు మూలార్థం ప్రయత్నమే. కాకపోతే ఆ ప్రయత్నం గీత దాటడానికి చేసింది కాదు, ఆ తర్వాత తన్నబోయే తన్నుకు సంబంధించింది. కాలక్రమంలో తన్ను విలువ తగ్గింది, గీత దాటడం విలువ పెరిగింది, పేరు మాత్రం పాతదే మిగిలింది.

విలువ ఎలా తారుమారైందో చూడండి. 1880ల చివర్లో ఇంగ్లండ్‌లో పాయింట్ల పద్ధతి వచ్చినప్పుడు ట్రైకి ఒక్క పాయింటు, గోల్‌కు మూడు. 1890ల్లో ట్రైకి మూడు, కన్వర్షన్‌కు రెండు అయ్యాయి. ఆ లెక్క దాదాపు ఎనభై ఏళ్లు నిలిచింది. 1971లో ట్రై నాలుగు పాయింట్లయింది, 1992లో అయిదయింది. కారణం తేలికే. తన్నులతోనే మ్యాచ్‌లు గెలిచేస్తుంటే బంతి పట్టుకుని పరుగెత్తే సాహసం ఎవరూ చేయరు, ప్రేక్షకులు ఆవలిస్తారు. పరుగెత్తేవాడికి ప్రతిఫలం పెంచుతూ పోయారు. పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ వేరే ఆట, అందులో ట్రైకి నాలుగు పాయింట్లే. లీగ్ మ్యాచ్ చూసి, మనం మాట్లాడుకుంటున్న ఆట అయిన రగ్బీ యూనియన్ లెక్క వేసి తికమకపడేవాళ్లను చాలామందిని చూశాను.

సరదాగా ఇంకో సంగతి. ఫ్రెంచివాళ్లు ట్రైని ‘ఎసే’ అంటారు, అంటే ప్రయత్నం. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్లు ‘ద్రీ’ అంటారు. ఆ భాషలో ద్రీ అంటే మూడు. ట్రై విలువ అయిదుకు చేరి మూడు దశాబ్దాలు దాటినా అక్కడి వ్యాఖ్యాతలు ఇంకా ‘మూడు’ అనే అరుస్తున్నారు!

ఇక ‘కన్వర్ట్’ సంగతి. మార్చేది ట్రైని, అది మారేది గోల్‌గా. గీత దాటి సంపాదించిన హక్కును నిజమైన గోల్‌గా మార్చడమే కన్వర్షన్. ఇప్పుడు దానికి రెండు పాయింట్లు. తన్ను విజయవంతమైతే ‘కన్వర్టెడ్ ట్రై’, మొత్తం ఏడు. గురి తప్పితే ‘అన్‌కన్వర్టెడ్ ట్రై’, అయిదుతో సరి. వ్యాకరణం గుర్తుంచుకోండి. స్కోర్ చేసేది ట్రైని, కన్వర్ట్ చేసేదీ ట్రైనే. ‘హి కన్వర్టెడ్ ది కిక్’ అని కూడా కొందరు రాస్తారు, ఆటలో పండినవాళ్ల చెవికి అది కొంచెం ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

పాత పద్ధతి ఆనవాళ్లు ఈనాటి మైదానంలోనూ కనిపిస్తాయి. కన్వర్షన్‌ను ఎక్కడ పడితే అక్కడినుంచి తన్నకూడదు. బంతిని ఆనించిన చోటుకు సరళరేఖలో వెనక్కి వెళ్లి, ఆ గీత మీదినుంచే తన్నాలి. మూలన ట్రై చేస్తే కోణం ఇరుకవుతుంది, స్తంభాల మధ్య చేస్తే తన్ను నల్లేరు మీద నడక. గీత దాటిన ఆటగాడు వెంటనే బంతిని ఆనించకుండా స్తంభాల వైపు వంపు తిరిగి పరుగెత్తడం మీరు చూసే ఉంటారు, అది వెనక వచ్చే రెండు పాయింట్ల కోసం. తన్నేవాడు అడుగు కదపగానే ప్రత్యర్థులు గోల్ లైన్ నుంచి ఒక్కసారిగా దూసుకొచ్చి అడ్డుకోవచ్చు, ఆ హక్కూ పాత రోజులదే.

ఆ వంపు పరుగు ప్రమాదం లేనిది కాదు. నేను రిఫరీగా ఉన్న ఒక మ్యాచ్‌లో చురుకైన కుర్రాడొకడు స్తంభాల వెనక్కి వెళదామని తిరుగుతూ తిరుగుతూ ఇన్-గోల్ వెనక ఉన్న డెడ్ బాల్ లైన్ తొక్కేశాడు. బంతి చేతిలోనే ఉంది. ఏడు అనుకున్నది సున్నా అయింది. తన జట్టువాళ్లు వాడిని చూసిన చూపులు నేను వర్ణించలేను.

నివేదికలు రాసేవాళ్లు తెలుసుకోవలసిన మరో చిక్కు పాత స్కోర్లది. తొలి అంతర్జాతీయ మ్యాచ్ 1871 మార్చి 27న ఎడిన్‌బరోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య జరిగింది. ఫలితం: స్కాట్లండ్‌కు ఒక గోల్, ఒక ట్రై, ఇంగ్లండ్‌కు ఒక ట్రై. ఇది చదివి స్కాట్లండ్ ఒక్కసారే గీత దాటిందని అనుకుంటే పొరపాటు. ఆ గోల్ కూడా ట్రైగానే పుట్టి, కన్వర్ట్ అయి, గోల్ ఖాతాలోకి వెళ్లింది. పాత లెక్కల్లో ‘ట్రై’ అని విడిగా రాస్తే కన్వర్ట్ కానిది అని అర్థం. నేటి లెక్కల్లో కన్వర్ట్ అయినా కాకపోయినా ట్రైలన్నీ ఒకే వరుసలో పడతాయి.

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లు ‘టచ్‌డౌన్, ట్రై ఒకటే కదా’ అంటారు. బంధువులే, పేర్లు మాత్రం తారుమారయ్యాయి. టచ్‌డౌన్ అంటే తాకించడం. కానీ అమెరికన్ ఆటలో బంతిని నేలకు తాకించనక్కరలేదు, అది గీత మీది గాలిని దాటినా చాలు, ఆరు పాయింట్లు. రగ్బీలో తాకించి తీరాలి, పేరు మాత్రం ట్రై. పైగా టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింట్ల కోసం చేసే ఆటను అమెరికన్ నియమావళిలో ఇప్పటికీ ‘ట్రై’ అనే పిలుస్తారు! పాత అర్థం అక్కడ భద్రంగా ఉంది. మీ రగ్బీ నివేదికలో ‘టచ్‌డౌన్’ అనే నామవాచకం వాడకండి. ‘టచ్‌డ్ డౌన్’ అనే క్రియ వాడవచ్చు, బంతిని ఆనించాడన్న అర్థంలో అది పత్రికల్లో మామూలే. అయితే రగ్బీ నియమావళిలో ‘టచ్ డౌన్’ అనేది డిఫెండర్ తన సొంత ఇన్-గోల్‌లో బంతిని ఆనించడానికి పెట్టిన పేరు. అందుకే రిఫరీలు ఆ మాటను ఆచితూచి వాడతారు.

ఇంతకీ ‘ఆనించడం’ అంటే ఏమిటి? మ్యాచ్‌లో గొడవలన్నీ ఇక్కడే. మాకున్న నియమాల ప్రకారం రెండు మార్గాలు. బంతి చేతిలో ఉంటే దాన్ని ఇన్-గోల్‌లో నేలకు తాకిస్తే చాలు, గట్టిగా నొక్కనక్కరలేదు. బంతి నేల మీద ఉంటే చేత్తోగాని, బాహువుతోగాని, మెడకూ నడుముకూ మధ్య ఉండే శరీరపు ముందు భాగంతోగాని కిందికి నొక్కాలి. ‘డౌన్‌వర్డ్ ప్రెషర్’ అని వ్యాఖ్యాతలు పదేపదే అనేది ఈ రెండో సందర్భానికే వర్తిస్తుంది, వాళ్లు మాత్రం రెండింటికీ అంటించేస్తుంటారు. గోల్ లైన్ కూడా ఇన్-గోల్‌లో భాగమే, కాబట్టి గీతకు తగిలినా ట్రైనే. ఇంతకుముందు గోల్ స్తంభం మెత్తకు ఆనించినా ఇచ్చేవారు, 2020లో ఆ వీలు తీసేశారు. పాత వీడియోలు చూసి నేర్చుకున్న కుర్రాళ్లు ఇప్పటికీ ఆ మెత్త మీదికి దూకి నా వైపు ఆశగా చూస్తుంటారు.

గీత దాటాక బంతి చేతిలోంచి ముందుకు జారితే అది ‘నాక్-ఆన్’, ట్రై లేదు. సంబరంలో ఒంటిచేత్తో బంతి ఊపుతూ దాన్ని జారవిడిచేవాళ్లు ప్రతి స్థాయిలోనూ ఉన్నారు. బంతికీ నేలకూ మధ్య ప్రత్యర్థి చెయ్యో కాలో దూర్చి తాకనివ్వకపోతే ‘హెల్డ్ అప్’. మీ నివేదికలో ఇది ఉపయోగపడే మాట: ‘హి వాజ్ హెల్డ్ అప్ ఓవర్ ది లైన్’. గీతకు కొద్ది దూరంలో ట్యాకిల్ అయి, అంటే ప్రత్యర్థి పట్టి పడేస్తే, పడిపోయినవాడు వెంటనే చెయ్యి చాచి గీత మీద బంతి పెడితే యూనియన్‌లో చెల్లుతుంది. దాన్ని చూసి ‘డబుల్ మూవ్‌మెంట్’ (పడిపోయాక రెండోసారి కదిలాడు) అని అరిచేవాళ్లు లీగ్ నియమాన్ని ఇక్కడికి మోసుకొస్తున్నారు.

తాకిందా, తాకలేదా అన్న వాదన ఎంత పాతదో చెప్పాలంటే 1905 నాటి కార్డిఫ్ మ్యాచ్ గుర్తు చేయాలి. ఆ డిసెంబర్‌లో వేల్స్ 3-0తో న్యూజిలాండ్‌ను ఓడించింది. ఆ మూడు పాయింట్లూ టెడ్డీ మోర్గాన్ చేసిన ఒకే ఒక ట్రైవి. న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ తాను గీత మీద బంతి పెట్టానని, తర్వాత వెనక్కి లాగేశారని అన్నాడు. రిఫరీ ఇవ్వలేదు. వీడియో లేదు, రీప్లే లేదు, తీర్పు మిగిలింది, వాదన కూడా మిగిలింది. నూరేళ్లు దాటినా రెండు దేశాల అభిమానుల మధ్య ఆ ముచ్చట వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు వీడియో రిఫరీ ఉన్నాడు. టీవీలో మైదానం రిఫరీ అతన్ని అడిగే ప్రశ్న జాగ్రత్తగా వినండి. ‘ట్రై, యెస్ ఆర్ నో?’ అని అడిగితే రిఫరీకి ఏదీ తేలలేదని. ‘ఈజ్ దేర్ ఎనీ రీజన్ ఐ కెనాట్ అవార్డ్ ది ట్రై?’ అని అడిగితే అతని మనసులో ట్రై ఇచ్చేసినట్టే, కాదనడానికి స్పష్టమైన కారణం ఉంటే చెప్పమని అర్థం. ఒకే దృశ్యానికి ఈ రెండు ప్రశ్నలూ రెండు వేర్వేరు ఫలితాలు తేగలవు.

క్రియల విషయానికొస్తే, ట్రైని ఆటగాడు ‘స్కోర్’ చేస్తాడు, రిఫరీ ‘అవార్డ్’ చేస్తాడు లేదా ‘డిసలౌ’ చేస్తాడు. ‘గివ్’ కూడా నడుస్తుంది. ‘మేడ్ ఎ ట్రై’ అని రాయకండి. బహువచనం ‘ట్రైస్’, అక్షరక్రమంలో చివరి ‘వై’ పోయి ‘ఐ-ఈ-ఎస్’ వస్తుంది. ‘క్రాస్డ్ ది లైన్’, ‘వెంట్ ఓవర్ ఇన్ ది కార్నర్’, ‘డాటెడ్ డౌన్’ వంటివి పత్రికల వాడుకలు, నివేదికలో ఒకటి రెండు వేస్తే మెరుపు వస్తుంది. అన్నీ కుక్కితే మాత్రం నవ్వులపాలు. గీతను మామూలు మాటల్లో ‘ట్రై లైన్’ అంటారు, నియమావళిలో దాని పేరు గోల్ లైన్. ‘ట్రై-సేవింగ్ ట్యాకిల్’ అంటే ట్రై కాకుండా ఆపిన ట్యాకిల్. ఇంకొకటి, ‘వాట్ ఎ ట్రై’ అంటే మెచ్చుకోలు, ‘నైస్ ట్రై’ అంటే ఓదార్పు, ఒక్కోసారి వెటకారం కూడా. మీ కెప్టెన్ చేసిన ట్రైకి శీర్షికగా ‘నైస్ ట్రై’ అని పెట్టారనుకోండి, ఆయన మీతో మాట్లాడడం మానేస్తాడు.

‘పెనాల్టీ ట్రై’ని పెనాల్టీ కిక్‌తో కలిపేయకండి. తప్పు ఆట ఆడి, ఖాయంగా రాబోయే ట్రైని ప్రత్యర్థి అడ్డుకున్నాడని రిఫరీ భావిస్తే స్తంభాల మధ్యకు పరుగెత్తి చెయ్యెత్తుతాడు. 2017 నుంచి దానికి నేరుగా ఏడు పాయింట్లు, కన్వర్షన్ తన్నే పనే ఉండదు. తప్పు చేసినవాడికి కార్డు కూడా పడుతుంది. ఆ ట్రై ఏ ఆటగాడి పేరా చేరదు, స్కోరర్ల జాబితాలో ‘పెనాల్టీ ట్రై’ అనే రాయాలి. పెనాల్టీ కిక్ అయితే గోల్‌కు మూడు పాయింట్లు.

ట్రై విలువ, కన్వర్షన్ విలువ ఎంత తేడా తెస్తాయో రెండు ప్రపంచకప్ మ్యాచ్‌లు చెబుతాయి. 2015 సెప్టెంబర్ 19న బ్రైటన్‌లో ఆఖరి నిమిషాల్లో దక్షిణాఫ్రికా 32, జపాన్ 29. జపాన్‌కు పెనాల్టీ వచ్చింది. తన్నితే మూడు పాయింట్లు, సమం. కెప్టెన్ మైకేల్ లీచ్ తన్నడం వద్దని స్క్రమ్ (రెండు జట్లవాళ్లు గుంపుగా ఎదురెదురుగా తోసుకుంటూ బంతి కోసం పోటీపడడం) కోరాడు. కార్న్ హెస్కెత్ మూలన ట్రై చేశాడు, 34-32. ఆ ట్రై కన్వర్ట్ కాలేదని స్కోరే చెబుతోంది, అయినా ఎవరికి పట్టింది! దీనికి భిన్నంగా 2023 ఫైనల్‌లో న్యూజిలాండ్ తరఫున బోడెన్ బారెట్ ట్రై చేశాడు, దక్షిణాఫ్రికా ఒక్కటీ చేయలేదు. కానీ ఆ ట్రై అన్‌కన్వర్టెడ్. దక్షిణాఫ్రికా నాలుగు పెనాల్టీ గోల్స్‌తో 12-11 తేడాతో కప్పు పట్టుకుపోయింది. ‘అన్’ అనే ఆ ఒక్క అక్షరం ఖరీదు రెండు పాయింట్లు.

మీది సెవెన్స్ కాబట్టి చివరగా రెండు మాటలు. ట్రైకి అయిదు, కన్వర్షన్‌కు రెండు అనే లెక్క ఇందులోనూ మారదు. అయితే కన్వర్షన్‌ను బంతి నేల మీద నిలబెట్టి తన్నరు, చేతిలోంచి వదిలి నేలను తాకి లేచేటప్పుడు తన్నే డ్రాప్ కిక్ అది, ట్రై అయిన 30 సెకన్లలోపే కొట్టాలి. ఆ హడావుడి వల్ల సెవెన్స్‌లో కన్వర్ట్ కాని ట్రైలు ఎక్కువ, కాబట్టి కిక్కర్ మీద నివేదికలో మరీ విరుచుకుపడకండి. అలాగే పదిహేను మంది ఆటలా కాకుండా సెవెన్స్‌లో స్కోర్ చేసిన జట్టే మళ్లీ కికాఫ్ (ఆటను తిరిగి మొదలుపెట్టే తన్ను) ఇస్తుంది. మీ చిత్తుప్రతిలో ‘కన్సీడింగ్ సైడ్ రీస్టార్టెడ్’ (స్కోరు సమర్పించుకున్న జట్టు ఆట మొదలుపెట్టింది) అని ఉంది, అది కొట్టేయండి.